వేకువ బడికి సొంత సిమ్ము

బొగ్గుబాయిలో తట్టతో, చెమ్మసు అనే పారతో బొగ్గు ఎత్తిన కాలం గడిచి యంత్రాల కాలం వచ్చి, కార్మికుని నెత్తిమీది దీపానికి బరువు తగ్గి వెలుగు పెరిగి, ఉత్తరాల కోసం వాకిట నిలబడే అలవాటు లోకంలో దాదాపు అంతరించి, మనిషి క్షేమం చేతిలోని ఫోను చెబితేనే తెలిసే ఈ రోజుల్లో, హుజూరాబాదు నుంచి లక్సెట్టిపేట దిక్కున గోదావరికి కూతవేటు దూరంలో ఉన్న ఒక గని కాలనీకి కోడలుగా వచ్చి, తెలుగు పండిత శిక్షణ పూర్తిచేసినా కొలువు దొరకకపోతే ఎవరినీ నిందించక, వంటింటి పక్క గదిలోనే వేకువజామున ఒక బడి తెరిచి, ఫోను తెర మీదుగా దూరపు ఊరి పిల్లలకు పద్యం నేర్పుతున్న ఇల్లాలు రేవతి.

ఆ బడి ఒక్క పిల్లతో మొదలైంది. పక్క క్వార్టరులో ఉంటూ రేవతి దగ్గర పద్యం నేర్చుకునే సృజన వాళ్లు కరీంనగరుకు వెళ్లిపోతున్న రోజున, ఆ పిల్ల రేవతి కొంగు పట్టుకొని, పద్యం ఎట్లా అని ఏడ్చింది. "ఏడువకు బిడ్డా, ఫోన్ల చెప్త తియ్" అని రేవతి ఓదార్పుకు అన్నది. పిల్ల ఆ మాటను నిజమని నమ్మింది. వారం తిరగకుండానే ఒక వేకువన వీడియో కాలు చేసి, తల దువ్వుకొని, బొట్టు పెట్టుకొని ఎదురుగా కూర్చున్నది. ఆ పిల్ల వెంట కరీంనగరు బడి స్నేహితురాలు లైబా వచ్చి చేరింది. లైబా వెంట మరికొందరు వచ్చారు. సాయంత్రాలు ట్యూషన్ల పాలు కాగా పిల్లలకు మిగిలింది బడి బస్సు రాకముందరి ఆ ఒక్క గంట. రేవతికి అదే నచ్చింది. అప్పుడే నిద్ర లేచిన గొంతులో లోకపు రొద ఇంకా చేరి ఉండదని, ఉత్పలమాల నడకకు ఆ తేట గొంతే కావాలని ఆమె నమ్మకం.

అయితే పద్యం చెవితో మాత్రమే పట్టుబడేది కాదు. ఎక్కడ ఊపిరి తీయాలో, ఏ అక్షరానికి నాలుక ఎక్కడ తగలాలో గురువు పెదవులను చూసి శిష్యుడు నేర్చుకోవాలి. శిష్యుని పెదవులను చూసి గురువు దిద్దాలి. రేవతి చేతిలోనిది పాత ఫోను. అరచేయంత తెరలో అంతమంది పిల్లలు చేరితే ఒక్కొక్క ముఖం గోరంత అయ్యేది. కళ్లు చికిలించి చూసి చూసి బడి ముగిసేసరికి ఆమెకు కణతలు నొప్పి పుట్టేవి.

"గిట్లయితే నీ కండ్లు పోతయ్. ఒక ట్యాబు కొందాం, నడువు" అన్నాడు విజయేందర్. అతడు రేవతి భర్త. భూగర్భ గనిలో పని. మాట తక్కువ, నవ్వు ఎక్కువ.

ఇద్దరూ బస్సెక్కి కరీంనగర్ వెళ్లారు. టవర్ సర్కిల్ దగ్గరి సందులో మక్బూల్ దుకాణం ఉంది. లైబాకు తండ్రి అతడే. ఒకే వాక్యంలో తెలుగునూ దక్కనీ ఉర్దూనూ జడలా అల్లి మాట్లాడే మనిషి.

"రాండ్రి టీచరమ్మా, రాండ్రి! మా ఇంట్ల ఫజర్ నమాజు అయిందో లేదో, బిడ్డ పద్యం షురూ చేస్తది. మా అమ్మీ తస్బీ పూసలు తిప్పుకుంట ఇంటది. అర్థమైందా అమ్మీ అంటే, అర్థమెందుకురా, ఇనసొంపుగున్నది గద అంటది" అన్నాడు కుర్చీలు లాగుతూ.

"మీ లైబాకు ఊపిరి గట్టిది భాయ్‌సాబ్. పద్యం నడుమల ఆగది" అన్నది రేవతి.

"నోరు సుత గట్టిదే. గదే నా పరేషాన్" అని నవ్వి, మక్బూల్ రెండు ట్యాబులు తీసి గాజుబల్లపై పక్కపక్కన పెట్టాడు. "చూడుండ్రి. రెండు ఒక్క తల్లి పిల్లలే. గీ దాంట్ల సిమ్ము పడది. ఫోన్ల హాట్‌స్పాట్ పెట్టి దీనికి నెట్టు అందియ్యాలె. గా దాంట్ల సిమ్ము పడ్తది. దానికి ఎవ్వల మొహం చూసే పని లేదు. కాకపోతే ధర ఎక్కువ, దాని రీచార్జి దానికి వేరే."

కాలనీకి తీగ ద్వారా వచ్చే నెట్టు ఇంకా రాలేదు. విజయేందర్ కొంచెం ఆలోచించి, "సిమ్ముది ఎందుకు భాయ్? నా ఫోన్ ఉన్నది గద. నేను బాయిల దిగినంక గది పైన డబ్బాల పండుకుంటది. గా పండుకునేదేదో ఇంట్లనే పండుకొని మా ఆమెకు హాట్‌స్పాట్ ఇయ్యనీ" అన్నాడు.

ఆ మాట గనికుటుంబంలో పుట్టినవాడే అనగలడు. గాలిలో మంటకు అంటుకునే వాయువు ఉంటుందన్న భయంతో, బాయి దిగేవారు అగ్గిపెట్టెనూ చుట్టనూ ఫోనునూ పైనే డబ్బాలో విడిచి దిగాలి. లోకమంతా క్షణం విడవకుండా పట్టుకు తిరిగే వస్తువు వాళ్లకు షిఫ్టు పొడవునా పనికిరానిదై పైన పడి ఉంటుంది.

"వారెవ్వా! ఫోన్ ఇంటికాడ నౌకరి చేస్తది, నువ్వు బాయిల చేస్తవు. ఇద్దరికి కలిపి జీతం ఒక్కటే" అన్నాడు మక్బూల్.

"నా ఫోన్ తోని కాదా?" అని రేవతి అడిగింది.

"నీ దాంట్ల హాట్‌స్పాట్ పెడితే దోశ పెంక లెక్క కాల్తది. మొన్న చూసినం గద, జరసేపట్ల బంద్ పడ్డది" అన్నాడు భర్త.

మక్బూల్ గడ్డం నిమురుకున్నాడు. "తమ్మీ, నేను దుకాణందారును. సిమ్ముది అమ్మితే నాకు ఫాయిదా. అయినా నా బిడ్డకు చదువు చెప్పేటి ఇల్లు, ఉన్నది ఉన్నట్టు చెప్త. హాట్‌స్పాటంటే పక్కింటోళ్ల నల్లా కాడ నీళ్లు పట్టుకున్నట్టు. వాళ్లు తలుపు తీసినన్ని దినాలు ఫికర్ లేదు. మీ ఇంట్ల ఎట్ల నడుస్తదో మీరే చూడాలె." అని, చూపించడానికి ఉంచుకున్న సిమ్ములేని ట్యాబును వాళ్ల చేతిలో పెట్టాడు. "కొన్ని దినాలు వాడుండ్రి. నడిస్తే గసుంటిదే కొత్తది ఇస్త. నడువకుంటె గీ రెండోది తీస్కపోండ్రి. షరం పడకుండ్రి."

ఇంటికి వచ్చిన ట్యాబు ఇంటిల్లిపాదికీ నచ్చింది. ఆ వారం విజయేందరుకు రెండో షిఫ్టు. వేకువన ఇంట్లోనే నిద్రలో ఉండేవాడు. ఫోను కిటికీలో ఉండేది. తరువాతి వారం మొదటి షిఫ్టు. పొద్దున్నే బాయికి పోతూ, అన్నమాట ప్రకారం ఫోనును కిటికీలోనే వదిలి పోయేవాడు. తెరమీద పిల్లల ముఖాలు ఇప్పుడు అరచేయంతగా కనిపించేవి. సృజన 'ళ' దగ్గర నాలుక మడవకుండా దాటేస్తున్నదని రేవతికి తెలిసింది అప్పుడే.

ఒక్కటే చిక్కు. విజయేందర్ ఫోనులో రెండు సిమ్ములున్నాయి. ఒకటి అతని తండ్రి ఇస్తారి వాడిన పాత నంబరు. బాయివాళ్లకూ చుట్టాలకూ తెలిసింది అదే. తండ్రి పోయిన తరువాత కొడుకు ఆ నంబరును పోనివ్వలేదు. రెండోది నెట్టు కోసం తీసుకున్నది. పాత నంబరుకు ఎవరైనా ఫోను చేస్తే, అది మోగినంతసేపూ నెట్టు ఆగిపోయేది. ఒకనాడు లైబా పద్యం మూడో పాదంలో ఉండగా ఎవరో చుట్టం ఫోను చేశాడు. లైబా నోరు తెరిచినది తెరిచినట్టే తెరమీద నిలిచిపోయింది. నెట్టు తిరిగి వచ్చేసరికి పిల్లలందరూ పడి పడి నవ్వుతున్నారు.

"టీచర్, మీరు బొమ్మయిండ్రు!"

"నేను నాలుగో పాదం సుత చెప్పిన, మీరు కదులలే. టీచరు బొమ్మకే పద్యం ఒప్పజెప్పిన. సృజనకైతే నవ్వు ఆగలే" అని లైబా ఫిర్యాదు చేసింది.

ఆనాటి పద్యం మళ్లీ కుదురుకోలేదు. మరునాటి నుంచి రేవతి, బడి నడిచే ఆ గంటసేపు పాత నంబరు సిమ్మును ఆపి ఉంచడం మొదలుపెట్టింది. పూజవేళ తలుపు దగ్గరగా వేసుకున్నంత సహజంగా చేసిందే తప్ప, ఇంట్లో ఎవరికైనా చెప్పవలసిన సంగతి అని ఆమెకు తోచలేదు. బడి కాగానే మళ్లీ తెరిచేది. మొదటి షిఫ్టు వాళ్లు పైకి వచ్చేది మధ్యాహ్నం దాటాక గనుక ఏ ఇబ్బందీ కనిపించలేదు.

ఇక్కడ ఆ ఇంటి నియమం ఒకటి చెప్పాలి. రేవతి అత్త రాజక్క. కొడుకు షిఫ్టు ముగించి పైకి రాగానే ఫోను చేసి "ఎక్కిన" అనాలి. ఆ ఒక్క మాటే, ఇంకేమీ అక్కరలేదు. ఆ మాట వినేదాకా రాజక్క పొయ్యి వెలిగించదు, గుక్కెడు నీళ్లు ముట్టదు. అంతకుముందు రాత్రి షిఫ్టు వారమంతా పొద్దున్నే అతడు బాయి మీదినుంచి తన ఫోనుతో రేవతి ఫోనుకు చేసేవాడు. బడి నడుమ అది మోగగానే రేవతి పాఠం ఆపి ఫోనును అత్త చేతికి అందించేది. ఇప్పుడు అతని ఫోను ఇంట్లో ఉండిపోవడంతో, తోటి కార్మికుడు హరీష్ ఫోను అడిగి చేస్తానని తల్లికి చెప్పాడు. మొదటి షిఫ్టు వారమంతా ఆ మాట మధ్యాహ్నం కిటికీలోని ఫోనుకే వచ్చింది.

మూడో వారం రాత్రి షిఫ్టు వచ్చింది. పైకి వచ్చే వేళా, బడి వేళా ఒకటే అయ్యాయి.

ఆ మంగళవారం బడి చక్కగా సాగింది. లైబా పద్యం ఒక్క ఊపిరిలో ఒప్పజెప్పింది. సృజన నాలుక మడిచింది. సంతోషంగా ట్యాబు మూసి రేవతి గది బయటికి వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పొయ్యి మీద గిన్నె లేదు. పాలు పొంగించలేదు. రాజక్క గడపలో కూర్చొని, కిటికీలోని ఫోను బడి పనిలో ఉంది గనుక కొడుకు దీనికే చేస్తాడనుకొని, ఒడిలో రేవతి పాత ఫోనును రెండు చేతులా పట్టుకొని, పెదవులు కదుపుతూ ఉంది. ఏ నామం జపిస్తున్నదో రేవతికి తెలుసు. వేములవాడ రాజన్నను తప్ప ఆమె ఇంకెవరినీ అడగదు.

అటుగా పోతున్న ఎదురింటి బాలవ్వ ఆగి, "రాజక్కా, మీ విజయేందర్ ఇంక రాలేదా? మావోడు ఇప్పుడే వచ్చి బువ్వకు కూసున్నడు గద" అన్నది.

"రాలే" అన్నది రాజక్క. ఆమె గొంతులో భయం వినిపించలేదు. అసలు ఏమీ వినిపించలేదు. రేవతికి అదే భయం కలిగించింది.

ఆమె ఒక్క పరుగున గదిలోకి పోయి, కిటికీలోని ఫోను తీసి, ఆపి ఉంచిన సిమ్మును తెరిచింది. హరీష్ నంబరు నుంచి మళ్లీ మళ్లీ ఫోను వచ్చినట్టు సందేశాలు వరుసగా పడ్డాయి. వెంటనే తిరిగి చేసింది.

"వదినె, నేను ఇప్పుడే ఇల్లు చేరిన, మీ ఇంటికే వద్దామనుకుంటున్న" అన్నాడు హరీష్. "అన్న మంచిగనే ఉన్నడు, ఫికర్ వెట్టుకోకుండ్రి. టైముకే ఎక్కిండు. పొద్దుగాల షిఫ్టుల పంపు కాడ ఉండేటోడు రాలే. బాయిల నీళ్లు పెరుగుతయని అన్న మల్ల దిగిండు. ఇంకో మనిషి వచ్చేదాక ఉంటడట. దిగేముందు నా ఫోన్ల మస్తు సార్లు చేసిండు, కల్వలే."

"నా ఫోనుకైన చెయ్యరాదా మరి?"

అవతల హరీష్ నవ్వు ఆపుకోవడం వినిపించింది. "మీ నంబర్ అన్నకు నోటికి రాదట వదినె. తన నంబరే వస్తదట. మీది ఫోన్ల 'ఇల్లు' అని రాసుంటది, గది ఒత్తుడే తెలుసట."

రేవతి గడప దగ్గరికి వచ్చి, స్పీకరు పెట్టి ఈ మాటలన్నీ అత్తకు వినిపించింది. నంబరు నోటికి రాదన్న మాటలో అచ్చంగా కొడుకే వినబడి, రాజక్క ముఖంలోకి నెమ్మదిగా రంగు వచ్చింది. లేచి, చీర కుచ్చిళ్లు దులుపుకొని, "పెండ్లాం నంబరు నోటికి రానోనికి, బాయి లోపటి తొవ్వలన్ని ఎట్ల నోటికి వస్తయో! రానీ, చెప్త" అని పొయ్యి దగ్గరికి నడిచింది.

చాయ్ మరుగుతుండగా రేవతి ఆమె పక్కన పీట వేసుకొని కూర్చున్నది. "అత్తమ్మా, తప్పు నాది. పద్యం నడుమల తెగొద్దని సిమ్ము నేనే బంద్ పెట్టిన. మీకు సుత చెప్పలే. ఇగ రాత్రి షిఫ్టు వారం బడే పెట్ట. పిల్లలకు చెప్త."

అన్నదే గాని, ఆ మాట అంటుంటే ఆమెకు ప్రాణం సగమైంది. మూడు వారాలకు ఒక వారం ఆగే బడి నిలవదు. పిల్లలు ఒకసారి నిద్రకు అలవాటు పడితే మళ్లీ వేకువన లేవరు, తల్లిదండ్రులు లేపరు. బడి మూయడానికి అది మొదటి మెట్టు అని ఆమెకు స్పష్టంగా తెలుసు.

రాజక్క చాయ్ వడగట్టి కోడలికి ఇచ్చి, తానూ తీసుకున్నది. కాసేపు ఊదుకుంటూ తాగింది. ఆ తరువాత అన్నది:

"మీ మామ పోయిన దినం నేను ఫోన్ చేసుకుంటనే ఉన్న బిడ్డా. గది బాయి మీద డబ్బాల మోగుకుంటనే ఉన్నది. ఎవ్వలు ఎత్తలే. సైరన్ మోగింది, మంది ఉరికిండ్రు, తలా ఒకటి చెప్పిండ్రు. ఆయన గొంతు మాత్రం రాలే. గప్పటిసంది మంది చెప్పేది నా చెవికి ఎక్కది. నా కొడుకు గొంతే ఇనాలె. గా ఫోను నాకు చెవి. నా చెవిని తీసుకపోయి కిటికిల పెట్టి, దాని మొకాన తలుపేస్తిరి."

రేవతి భర్త ఫోనును తెచ్చి అత్త ఒడిలో పెట్టింది.

"గంతమాత్రాన బడెందుకు బంద్?" అని రాజక్క గొంతు కొంచెం పెంచింది. "వాడు ఎక్కే వేళ ఎట్లుంటదో నీకు తెల్వది. గా గంట నేను ఎట్ల గడుపుతున్న అనుకున్నవు? గోడకు ఇవుతల కూసోని నువ్వు చెప్పే పద్యం ఇంటున్న. పిల్లలు అన్నది నేను సుత అంటున్న లోలోపట. పద్యం అయితుంటె పొద్దు నడుస్తది. ఇయ్యాల లైబా చదివిందే, గది నాకు సగం వచ్చింది. గా బడి లేకుంటె గా గంట నాకు గడువది. అర్థమైందా?"

ఇన్నాళ్లూ గోడకు అవతల ఒక శిష్యురాలు కూర్చొని ఉన్నదని రేవతికి తెలియదు. అత్త పాదాలు తాకబోతే రాజక్క వెనక్కి జరిగి, "ఇగో, చాయ్ పారవోస్తవు" అని కసిరింది.

పొద్దు బారెడెక్కాక విజయేందర్ వచ్చాడు. గోదావరి ఇసుకతో రుద్దినా పోని నలుపు చేతుల మీద, అలసట కళ్లలో ఉన్నా నవ్వు మాత్రం అలాగే ఉంది. తల్లి మొదట అతణ్ణి కళ్లనిండా చూసుకున్నది. తరువాత కోడలి నంబరును అతని చేత తప్పు లేకుండా ఒప్పజెప్పించిగాని అన్నం పెట్టలేదు. మధ్యలో రెండుసార్లు తడబడ్డాడు. "పద్యమైతే టీచరు గోడకుర్చి వేయిస్తుండె" అన్నది రేవతి. ముగ్గురూ నవ్వారు.

తింటూ అతడన్నాడు: "ఇంకో ఉపాయం ఉన్నది. నీకే ఒక కొత్త ఫోన్ కొందాం. దాంట్ల హాట్‌స్పాట్ పెట్టుకో, నా ఫోన్ నేను తీస్కపోత."

రేవతి ఆలోచించి చెప్పింది. "గది సుత మోగేటిదే గద. అత్తమ్మ ఒళ్లో ఉండాల్నా, నా ట్యాబుకు నెట్టు ఇయ్యాల్నా? రెండు పనులు ఒకదానికే పెడితే మల్ల గిదే కత. ఫోన్లు ఇంటి పనికి ఉండనీ. బడికి దాని నెట్టు దానికి ఉండాలె. సిమ్ముదే కొందాం. ధర ఎక్కువైతే అయింది."

"గట్లనే" అన్నాడు విజయేందర్. "నా ఫోన్‌కు ఇంట్ల నౌకరి తప్పింది. ఇగ మల్ల డబ్బాల పండుకుంటది."

ఈసారి కొనేముందు రేవతి తెలివిగా ఒక పని చేసింది. ఏ కంపెనీ సిమ్ము తన బడి గదిలో బాగా పలుకుతుందో తెలుసుకోవడానికి, ఇరుగుపొరుగు వారి ఫోన్లు అడిగి తెచ్చి, కిటికీ మూసి, తాను కూర్చునే చోటనే ఒక్కొక్కటీ పెట్టి చూసింది. బాలవ్వ తన ఫోను ఇస్తూ, "పిల్లలకు పరీక్షలు పెట్టుడు చాలక మా సిమ్ములకు సుత వెడుతున్నవా?" అన్నది. ఆ పరీక్షలో నెగ్గింది బాలవ్వ సిమ్మే.

కరీంనగరులో మక్బూల్ వీళ్ల కథ అంతా విని, నవ్వకుండా తల ఊపాడు. వాడిన ట్యాబును తుడిచి అద్దాల బీరువాలో పెట్టి, సిమ్ము పడేది బయటికి తీశాడు. సిమ్ము తానే వేసి, పాఠం నడుస్తుండగా ఛార్జి ఎంతసేపు నిలుస్తుందో, నెట్టు ఎట్లా పొదుపుగా వాడుకోవాలో ఓపికగా చూపించాడు.

"పెద్దమ్మకు నా సలాం చెప్పుండ్రి. మా అమ్మీ అచ్చం గిట్లనే ఉంటది. నేను దుకాణం కట్టేసి బండి స్టార్ట్ చేసి ఫోన్ చెయ్యకుంటె రొట్టె కాల్వది" అన్నాడు మక్బూల్.

మళ్లీ రాత్రి షిఫ్టు వారం వచ్చింది. ట్యాబు తన నెట్టు మీద తాను నడిచింది. విజయేందర్ ఫోను అతని వెంట బాయి మీదికి పోయింది. రేవతి ఫోను రాజక్క ఒడికి చేరింది. ప్రతి వేకువా బడి సగంలో గోడ అవతల ఫోను మోగడం, ఆ వెంటనే పొయ్యి వెలిగిన చప్పుడు రేవతికి వినబడేవి. పాఠం మాత్రం ఎక్కడా తెగలేదు.

ఆ వారం చివర ఒకనాడు రాజక్క చాయ్ గిన్నె దించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, పిలవకుండానే కోడలి పక్కన చాప మీద కూర్చున్నది. తెరమీది పిల్లలు "అవ్వా, నమస్తే!" అని ఒక్కసారిగా అరిచారు. రేవతి పద్యం మొదటి పాదం ఎత్తుకున్నది. లైబా అందుకున్నది. రెండో పాదం దగ్గర, ఎన్నడూ బడి మెట్టు ఎక్కని ఆ ముసలి గొంతు, ఊపిరి తీయవలసిన చోటనే తీసి, పిల్లలతో పాటు నడిచింది.

కొడుకు బాయి దిగిన ప్రతిమారూ క్షేమంగా పైకి వచ్చేటట్టు వేములవాడ రాజన్న రాజక్కకు ఆ వేకువ గంటను వెలుగుతో నింపుగాక. విజయేందర్ నడిచే చీకటి తొవ్వల మీద పైకప్పు వజ్రమై నిలుచుగాక. రేవతి నాలుకపై వాగ్దేవి కుదురుకొని, ఆమె బడిలో పెరిగే పిల్లలందరి నోటా తెలుగు పద్యం తరతరాలు పలుకుగాక. ఆ ఇంటి పొయ్యి నిత్యం వెలుగుతూ, ఆ గడప దాటిన ప్రతివారూ కడుపు చల్లగా వెళ్లునట్లు ఆ కుటుంబం గోదావరి ఒడ్డున పదికాలాలపాటు పచ్చగా వర్ధిల్లుగాక.